డిస్కు మీద గంధం

దుకాణంలోకి ఏ వస్తువు వచ్చినా మునీంద్ర ముందు దానికి ఫోటో తీస్తాడు. పైనొకటి, కిందొకటి. ల్యాప్‌టాప్ అయితే మూత తెరిచి ఒకటి, మూసి ఒకటి. చిత్తూరు చర్చి వీధిలో పదహారేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఇచ్చినప్పుడు లేని గీత తీసుకునేటప్పుడు వచ్చిందని కౌంటరు మీద చెయ్యి చరిచేవాళ్లను బోలెడంత మందిని చూశాడు. అలాంటివాళ్ల నోరు మూయించడానికి ఫోటోను మించింది లేదని అతని నమ్మకం. జనం అబద్ధాలాడతారనీ తను ఆడడనీ కూడా అతని నమ్మకమే.

దసరాకు ఐదు రోజుల ముందు నగరి నుంచి సుందరరాజు వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. ఇంట్లో రెండు పవర్‌లూములు పెట్టుకుని నేస్తాడు. చొక్కా భుజాల మీద దూదిపింజలు ఇంకా అలాగే ఉన్నాయి. సంచిలోంచి ఒక గుడ్డ మడత తీసి, ఎనిమిది మడతలూ ఒక్కొక్కటే విప్పి, లోపలున్న డిస్కును అంచు పట్టుకుని కౌంటరు మీద పెట్టాడు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన పాత పంచె ముక్క అది. డిస్కు మెరిసే వైపు నీళ్లలా తేటగా ఉంది. మునీంద్ర అలవాటు ప్రకారం రెండు ఫోటోలు తీశాడు.

విషయం సుందరరాజు కుదురుగా చెప్పుకొచ్చాడు. భార్య నిర్మలమ్మకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. తిరుపతిలో ఆ చేతికి వ్యాయామాలు చేయించిన డాక్టరమ్మ ఈ ఆట ఇచ్చింది. తెర మీద చెరువు, చెరువులో పడవ. మౌసు మీద వేలు నొక్కిపెడితే వలలో చేప పడుతుంది. పట్టు వదలకుండా బుట్ట దాకా తీసుకెళ్లి వేలు తెరవాలి. చేప బుట్టలో పడితే గంట మోగుతుంది. మొదట్లో ఆమె రోజంతా కూర్చున్నా ఒక్క చేప పడేది కాదు. ఇప్పుడు నలభై దాకా పడుతున్నాయి, అన్నం ముద్ద తనే కలుపుకుంటోంది. అయితే డిస్కు లోపల ఉంటే తప్ప ఆట మొదలు కాదు. డాక్టరమ్మ ఊరు మారిపోయింది, ఆట తయారుచేసిన కోయంబత్తూరు కంపెనీ మూతపడింది. ఉన్నది ఈ ఒక్కటే. ఇదేమన్నా అయితే ఎట్లా అనే భయంతో ఒక కాపీ చేయించి దాచుకుందామని వచ్చాడు.

"డిస్కు గూడా ఆమే పెడతాది సార్, ఆమే తీస్తాది," అన్నాడు చివరికి. "అది గూడా వ్యాయామమేనంట. నన్ను తాకనీదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగింది. మునీంద్ర అప్పటికే డిస్కును వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

కాపీ అంటే జెరాక్సు కాదన్నా, అని మొదలుపెట్టాడు మునీంద్ర. ఆటల డిస్కులకు లోపల తాళం ఉంటుందని, మామూలు సాఫ్ట్‌వేర్‌తో తీస్తే బొమ్మలూ పాటలూ వస్తాయి గానీ తాళం రాదని, అందుకే ముందు సరైన సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలని, పనంతా ఆ ఎంపికలోనే ఉందని పావుగంట చెప్పాడు. సుందరరాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్ల గౌరవం పెరిగింది. ఇట్లా కాపీ చేసుకోవడం తప్పేమీ కాదు గదా అని మాత్రం అడిగాడు. నీ డిస్కు, నీ ఇంట్లోకి, నీ భార్య కోసం, తప్పేముందన్నా అన్నాడు మునీంద్ర. రెండు రోజుల్లో ఇస్తానన్నాడు.

ఆ రెండు రోజులూ, ఆపైన ఇంకో రెండు రోజులూ అతను నిజంగానే ఆ పని మీద కూర్చున్నాడు. కూర్చున్నాడంతే. మొదట అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌తో తీశాడు. పది నిమిషాల్లో కాపీ తయారైంది. పెట్టి చూస్తే అసలు డిస్కు పెట్టమంటూ ఆట మొండికేసింది. మునీంద్రకు దిగులు వేయలేదు, హుషారు వచ్చింది. చాలా రోజుల తర్వాత తన తెలివికి తగిన పని దొరికింది. రెండోది డబ్బు పెట్టి కొనాల్సింది, పదిహేను రోజులు ఊరికే వాడుకోనిస్తారు, తాళాన్ని కూడా కాపీ చేస్తుందని పేరు. మూడోది ఉచితం. పాత కాలపు బూడిదరంగు కిటికీ, రెండు మీటలు, ఒక అంకె, అంతే. డిస్కును తాళంతో సహా గింజ గింజగా చదువుతుంది, చదవలేని చోట మళ్లీ మళ్లీ చదువుతుంది. పన్నెండు గంటలు పడుతుంది. దాని వాలకం మునీంద్రకు నచ్చలేదు. రెండోదాని గురించి ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చదివాడు, తెలిసినవాళ్ల గ్రూపులో అడిగాడు, వచ్చిన జవాబులతో వాదన పెట్టుకున్నాడు, గెలిచాడు. డిస్కు మాత్రం గుడ్డలో అలాగే ఉంది. ఆ రెంట్లో ఏదో ఒకటి మొదలుపెట్టి దాని మానాన వదిలేసినా కాపీ తయారయ్యేది. కానీ అన్నింటికన్నా మంచిది ఏదో తేల్చకుండా మొదలుపెట్టడం అతనికి చిన్నతనం అనిపించింది.

అంతలో ఆయుధ పూజ వచ్చింది.

నవమి నాడు సాయంత్రం మునీంద్ర భార్య ఉదయలక్ష్మి దుకాణమంతా కడిగించి, గుమ్మానికి మామిడాకులు కట్టి, బల్ల మీద అరిటాకు పరిచింది. స్క్రూడ్రైవర్లు, టంకం పెట్టే కడ్డీ, మీటరు, రెండు హార్డ్ డిస్కులు, ఒక కీబోర్డు వరసగా పేర్చింది. అన్నింటికీ గంధం పూసి పైన కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. మునీంద్ర పక్కనే నిలబడి ఒక్కొక్క వస్తువూ అందిస్తున్నాడు. చేతికి సుందరరాజు గుడ్డ తగిలింది. విప్పి డిస్కు తీశాడు.

దీనిక్కూడా పెట్టు, ఇప్పుడు నా చేతిలో ఉన్న పెద్ద పని ఇదే అన్నాడు. ఏ వైపు పెట్టాలని ఆమె అడిగింది. రెండో వైపు ఆట పేరూ చేప బొమ్మా ఉన్నాయి. గంధం పెడితే బొమ్మ కనిపించదు.

"మెరిసే వైపు పెట్టు," అన్నాడు. "అదే దాని మొహం."

ఉదయలక్ష్మి నవ్వి, వేలితో గంధం తీసి, మెరిసే మొహానికి నిండుగా పూసి, పైన కుంకుమ బొట్టు పెట్టింది. పదహారేళ్ల అనుభవం ఆ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తర్వాత జాగ్రత్తగా తుడిస్తే పోతుందిలే అని ఆ అనుభవం అనుకుంది. హారతి ఇచ్చారు, గుమ్మడికాయ కొట్టారు, వీధిలో వాళ్లకు బొరుగులూ శనగలూ పంచారు. పూజకు పెట్టిన పనిముట్లను దశమి దాటేదాకా కదిలించకూడదు కాబట్టి అన్నింటినీ అక్కడే వదిలి షట్టరు దించారు.

దించుతుండగా సుందరరాజు ఫోను. వాళ్లింట్లో కూడా అప్పుడే మగ్గాలకు పూజ అయిందట. ఆట లేక ఈ నాలుగు రోజులుగా ఆమెకు వేళ్లు బిగుసుకున్నట్టుందని, ఎల్లుండి ఇద్దరం వస్తామని, తన డిస్కు తెర మీద ఆడటం చూసి గానీ కదలనంటోందని చెప్పాడు.

"అయిపోవచ్చింది అన్నా. ఒక్క టెస్టింగే ఉండాది," అన్నాడు మునీంద్ర.

ఎల్లుండి పెందలాడే తెరిచి, రెండో సాఫ్ట్‌వేర్‌తో గంటలో తీసేస్తే సరిపోతుందని లెక్కేసుకున్నాడు. కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

ఏకాదశి నాడు అతను వచ్చేసరికి తొమ్మిదిన్నర. పండగ బద్ధకం. దుకాణం మెట్టు మీద సుందరరాజూ నిర్మలమ్మా కూర్చుని ఉన్నారు. తొలి బస్సుకే వచ్చారట. నిర్మలమ్మ సన్నగా, ఎత్తుగా ఉంది. లేచి నిలబడి, కుడి చేతిని ఎడమ చేతి సాయం లేకుండానే పైకెత్తి నమస్కారం పెట్టింది. రెండో చెయ్యి వచ్చి కలవడానికి కొంచెం ఆలస్యమైంది. మునీంద్ర షట్టరు ఎత్తి, చెత్త ఊడ్చి పిలుస్తానని వాళ్లను బయటే ఉండమన్నాడు.

అరిటాకు వాడిపోయి ఉంది. డిస్కు మీద గంధం ఎండి పెచ్చు కట్టింది. అంగట్లో కొన్న పొడి గంధం, చేత్తో తాకితే ఇసుకలా గరగరలాడింది. గోటితో గీకాడు. సగం ఊడింది, సగం ఊడలేదు. గుడ్డ తడిపి తుడుద్దామంటే కొళాయి బయట ఉంది, వాళ్లూ బయటే ఉన్నారు. నోటి ఆవిరి పట్టించి చొక్కా అంచుతో గుండ్రంగా, గబగబా, గట్టిగా రుద్దాడు. డిస్కును నడిమి నుంచి అంచుకు తుడవాలే తప్ప గుండ్రంగా రుద్దకూడదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది అతనే. రుద్దుతున్నంతసేపూ ఆ సంగతి అతనికి తెలుసు. ఎర్రమరక పోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే మెరిసే మొహం మీద ఉంగరాల్లా గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

వాళ్లను లోపలికి పిలిచి డిస్కు కంప్యూటర్లో పెట్టాడు. డ్రైవు తిరిగింది, ఆగింది, గర్రుమంది, మళ్లీ తిరిగింది. తెర నల్లగానే ఉంది. నిర్మలమ్మ కౌంటరు మీద కుడి చెయ్యి ఆనించి, చెరువు ఎప్పుడు కనిపిస్తుందా అని ముందుకు వంగి చూస్తోంది. వేళ్లు అప్పుడే మౌసు మీద ఉన్నట్టు కొంచెం ఆడుతున్నాయి. రెండోసారి పెట్టాడు. మూడోసారి పెట్టాడు. చదవలేకపోతున్నానని యంత్రం చెప్పింది.

"పాతబడిపోయింది అన్నా డిస్కు," అన్నాడు మునీంద్ర, తెర వైపే చూస్తూ. "శానా గీతలుండాయి."

"ఇచ్చినప్పుడు బాగుండె గదా సార్?"

సుందరరాజు నిలదీయడానికి అడగలేదు, తెలియక అడిగాడు. ఆ మాటకు జవాబుగా నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. మునీంద్రకు అవి నోటి దాకా వచ్చాయి కూడా. కానీ పదహారేళ్లుగా కౌంటరుకు ఇవతలి వైపు నిలబడిన మనిషి. తప్పెప్పుడూ అవతలి వైపు ఉంటుంది.

"పైకి కనపడవు అన్నా. రోజూ పెట్టి తీస్తా ఉంటే వస్తాయి. అందులో ఆ చేత్తో పెడితే… అంచు తగిలి రాసుకుంటాది."

మెత్తగానే అన్నాడు, డాక్టరు రోగం పేరు చెప్పినట్టు. నిర్మలమ్మ కౌంటరు మీదున్న తన చేతిని ఒకసారి చూసుకుంది. తర్వాత దాన్ని ఎడమ చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని, కింద పడిన వస్తువును తీసినట్టు తీసి ఒళ్లో పెట్టుకుని, పైట కప్పింది.

"నా చెయ్యే సార్," అంది. "ఇంగెవురు పెడతారు."

సుందరరాజు పోనీలేమ్మే అన్నాడు. ఏమన్నా చెయ్యగలిగితే చూడమని డిస్కు అక్కడే వదిలాడు. సంచిలోంచి ఒక కొత్త తువ్వాలు తీశాడు. పండగకు తన మగ్గం మీద నేసిందట, ఎర్రంచు తువ్వాలు. సార్‌కు ఇవ్వమని ఆమే పెట్టించిందట. మునీంద్ర వద్దనబోయి, వద్దంటే ఎందుకని అడుగుతారని భయపడి, రెండు చేతులతో పుచ్చుకున్నాడు. వాళ్లు మెట్లు దిగుతున్నప్పుడు సుందరరాజు అన్నమాట వినిపించింది.

"నేను పెడతానంటే ఇనలేదు గదమ్మే నువ్వు."

ఆమె మెట్టు దిగేటప్పుడు ఊతానికి కుడి చెయ్యి బయటికి రాలేదు. ఎడమ చేత్తోనే గోడ పట్టుకుని దిగింది.

మధ్యాహ్నం ఎవరో తమ ప్రింటరు సంగతి అడిగితే దాని ఫోటో కోసం మునీంద్ర ఫోనులో వెతికాడు. వేలు జరుపుతుంటే ముందు డిస్కు వచ్చింది. ట్యూబులైటు దాని మీద తెల్లగా, తిన్నగా, ఎక్కడా తెగకుండా పడింది. పెద్దది చేసి చూశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గీత లేదు. రెండేళ్లు రోజూ వణికే చెయ్యి పెట్టి తీసిన డిస్కు అది. ఆమె దాన్ని ఎలా పట్టుకునేదో, ఎంత సేపు పట్టేదో, ఆ ఎనిమిది మడతలు ఎలా వేసేదో ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది. తల కొట్టేసినట్టయింది. జనం నోరు మూయించడానికి తీసిన ఫోటో కదా, అతని నోరే మూతపడింది. ప్రింటరు అతను రెండుసార్లు పిలిచేదాకా పలకలేదు.

డిస్కు తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు తొందర పెట్టేవాళ్లెవరూ లేరు. తడి చేసి, పళ్లు తోముకునే తెల్ల పేస్టు కొంచెం పూసి, సుందరరాజు పంచె ముక్కతోనే నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు రుద్దాడు. గంటన్నర రుద్దాడు. రెండో సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాడు. నాలుగు రోజులు దాని గొప్పతనం గురించి వాదించి గెలిచాడు కదా, అది మూడు నిమిషాల్లో చేతులెత్తేసింది. ఇక మిగిలింది బూడిదరంగు కిటికీ. ఎంచుకోవడానికి ఏమీ లేనప్పుడు పది సెకన్లలో ఎంచుకున్నాడు.

అది గొణుక్కోకుండా పనిలో పడింది. చదవలేని ముక్కలెన్నో అంకె వేసి చూపించింది, పదకొండు వందల నలభై. ఒక్కొక్క ముక్కనూ వందసార్లు, రెండు వందలసార్లు చదివింది. సాయంత్రానికి ఎనిమిది వందలు, మర్నాడు పొద్దునకు నాలుగు వందల పన్నెండు. మునీంద్ర వేరే పనులు చేస్తూ మాటిమాటికీ వచ్చి ఆ అంకె చూశాడు. టీ తాగుతూ చూశాడు. అన్నం క్యారియరు తెచ్చిన ఉదయలక్ష్మి కూడా చూసి, ఇది ఆ రోజు బొట్టు పెట్టిన డిస్కు కదా అంది. తర్వాత గొంతు తగ్గించి, నేను పెట్టిన గంధం వల్ల గానీ పాడవలేదు కదండీ అని అడిగింది.

ఒక్క క్షణం మునీంద్రకు ప్రాణం తేలికపడింది. గంధం పెట్టింది నిజంగా ఆమే కదా. ఆ తేలికదనం చూసుకుని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. నిర్మలమ్మ మీదికి తోసేశాడు, ఇప్పుడు పెళ్లాం దొరికింది. నీ వల్ల కాదులే అన్నాడు. మరి ఎవరి వల్ల అన్నది ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి అంకె మూడు దగ్గర నిలిచిపోయింది. ఎంతకీ అంతకంటే దిగలేదు. ఉన్నంతవరకు కొత్త డిస్కు మీద రాసి పెట్టి చూస్తే ఆట తెరుచుకుంది. చెరువు వచ్చింది, పడవ వచ్చింది. మునీంద్ర తలుపు దగ్గరికి వేసి, కూర్చుని, ఆటలోని మెట్లన్నీ మొదటిదాని నుంచి ఆడాడు. వేలు నొక్కిపెట్టి చేపను బుట్ట దాకా లాక్కెళ్లడం అతనికి చిటికెలో పని. అలా చిటికెలో అయిపోతున్నందుకు కూడా సిగ్గేసింది. ఆరో మెట్టులో చేప బుట్టలో పడింది గానీ గంట మోగలేదు. పోయిన మూడు ముక్కలూ ఆ గంటవే అయ్యుండాలి. మిగతా అన్ని మెట్లలోనూ మోగింది.

సుందరరాజుకు ఫోను చేసి చెప్పాడు.

"మీరు దేవుడు సార్," అన్నాడు ఆయన. "ఆమె పాడుజేసుకునిందాన్ని మీరు నిలబెట్టినారు."

ఆ తర్వాత చెప్పింది వినడం ఇంకా కష్టమైంది. ఆ రోజు నుంచి నిర్మలమ్మ కుడి చెయ్యి కదపడం లేదట. నీళ్ల గ్లాసు కూడా ఎడమ చేత్తోనే. వీధిలో ఆడవాళ్లు వచ్చి, అంత విలువైన వస్తువు నువ్వు తాకేదెందుకు, ఇంట్లో మనుషులు లేరా అని నాలుగు మంచిమాటలు చెప్పి పోతున్నారట. కాపీ వచ్చినా తను ముట్టనని ఒట్టు పెట్టుకుని కూర్చుందట. బస్సెక్కి వచ్చి తీసుకుంటానని సుందరరాజు అంటే, వద్దన్నా, నేనే తెస్తానన్నాడు మునీంద్ర. ఆ మాటకు ఆయన ఇంకోసారి దేవుణ్ణి చేశాడు.

రెండు కాపీలు తీశాడు. వాటినీ అసలు డిస్కునూ ఆ పంచె ముక్కలో ఎనిమిది మడతలు వేయడానికి ప్రయత్నించాడు. ఆరు వచ్చాయి. మర్నాడు నగరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. అందరిలో చెప్పనక్కర్లేదు. ఆమె ఒక్కదానికే, చెవిలో వేసినట్టు, మర్యాదగా చెబితే చాలు. ఆమె మనసు కుదుటపడుతుంది, తన పరువూ ఉంటుంది. పుత్తూరు దాటేసరికి ఆ ఏర్పాటు అతనికి న్యాయంగానే కనిపించింది.

సుందరరాజు ఉండే వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గాలు ఆడుతున్నాయి. వీధి మొదట్లోనే చెవులు గింగుర్లెత్తాయి. లోపల రెండు మగ్గాలూ నడిమింటినిండా ఉన్నాయి. వంటింటి గుమ్మం పక్కన చిన్న బల్ల, దాని మీద గుడ్డ కప్పిన కంప్యూటరు. సుందరరాజు మగ్గం వదిలి పరుగున వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి మరీ వేశాడు. మజ్జిగ ఇచ్చాడు. చప్పుడులో మాట వినబడక సైగలతోనే మర్యాద చేశాడు. నిర్మలమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి పైట కిందే ఉంది.

మునీంద్ర కొత్త డిస్కు ఆమె వైపు చాచాడు. ఆమె తల అడ్డంగా ఊపి భర్తను చూసింది. సుందరరాజే దాన్ని అందుకుని లోపల పెట్టి, చెరువు తెర మీదికి రాగానే రెండు చేతులూ జోడించి చూపించి, తెగిన పోగు ముడి వేయడానికి మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు. నిర్మలమ్మ ఎడమ చెయ్యి మౌసు మీద పెట్టింది. ఆ చేతికి చేప పట్టడం ఏం కష్టం. టక్కున పట్టింది, టక్కున వదిలింది. మొహంలో ఏ సంతోషమూ లేదు. వచ్చిన అతిథి కోసం ఆడుతోందంతే.

మునీంద్ర కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఇంతకంటే మంచి అదను దొరకదు.

"అక్కా, డిస్కు చెడింది నీ చేత్తో కాదు. నేను చేసినా ఆ పని."

ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. తల తిప్పి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. విన్నదని ఆ చూపే చెప్పింది.

"ఇనపడలా నాయనా," అంది.

ఇంకొంచెం ముందుకు వంగి చెప్పబోయాడు. ఆమె అంతే దూరం వెనక్కి జరిగి, భర్త వైపు తిరిగి గొంతెత్తింది.

"మగ్గాలు ఆపు."

పోగు ముడేస్తున్న సుందరరాజు తల ఎత్తాడు. పని మీదుంది కదమ్మే అన్నట్టు చెయ్యి చూపించాడు. ఆపు, అని ఆమె మళ్లీ అంది. ఆయన స్విచ్చు దించాడు. ఒక మగ్గం ఆగింది, రెండోది నాలుగుసార్లు కొట్టుకుని ఆగింది. ఆ ఇంట్లో మాత్రం నిశ్శబ్దం వచ్చింది, వీధిలో మగ్గాలు దూరంగా వినిపిస్తున్నాయి. పట్టపగలు మగ్గాలు ఆగితే ఆ వీధిలో ఎవరూ ఊరికే ఉండరు. ఎదురింటి మోహన గుమ్మంలోకి వచ్చి, కరెంటు పోయిందా అని అడిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. మంచిమాటలు చెప్పి పోయింది వీళ్లేనని మునీంద్రకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కరెంటుండాది. ఈ సారు ఏందో చెప్పల్లంట," అంది నిర్మలమ్మ. "రండి, కూర్చోండి. ఇప్పుడు చెప్పు నాయనా."

మునీంద్ర లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాటలు కావవి. రెండు రోజులన్నది ఐదు రోజులు నాన్చినాననీ, పూజ నాడు మెరిసే మొహానికి గంధం పెట్టించినాననీ, అయిపోవచ్చిందని ఫోనులో చెప్పినప్పుడు ఆడే కాపీ ఒక్కటీ లేదనీ, మీరిద్దరూ మెట్టు మీద కూర్చుని ఉంటే లోపల చొక్కాతో రుద్ది గీతలు పెట్టినాననీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఎవరి మొహమూ చూడలేక ఆగిన మగ్గం వైపు చూశాడు. ఫోను తీసి ఫోటో తెరిచి బల్ల మీద పెట్టాడు.

"అక్క చేతిలోంచి వచ్చిననాడు ఇట్లుండె. అక్క చెయ్యి ఏ తప్పూ చెయ్యలా. తెలిసీ నేనే ఆమె మీద ఏసినా."

సుందరరాజు కళ్లజోడు పెట్టుకుని ఫోటో చూశాడు. పంచె ముక్కలోంచి అసలు డిస్కు తీసి గుమ్మం వెలుతురుకు పట్టి చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు. దేవుడు ఆయనకు మళ్లీ కనబడలేదు. మునీంద్ర అక్కడ లేనట్టే భార్య వైపు తిరిగాడు.

"నేను గూడా అంటినే మే నిన్ను," అన్నాడు.

నిర్మలమ్మ కంప్యూటరు వైపు చూపించి, తియ్యి దాన్ని అంది. సుందరరాజు మీట నొక్కితే పళ్లెం బయటికి వచ్చింది. పైట కింద నుంచి కుడి చెయ్యి కదిలి బల్ల మీదికి వచ్చింది. నాలుగు రోజులు కదపనందుకు వేళ్లు దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. బల్ల అంచుకు ఆనించి ఒక్కొక్కటే తెరిచింది. డిస్కు నడిమి రంధ్రంలో చూపుడు వేలు పెట్టి, బొటనవేలు అంచుకు ఆనించి ఎత్తింది. చెయ్యి వణికింది, డిస్కు వణకలేదు. దాన్ని పైకెత్తి గుమ్మంలోని ముగ్గురికీ కనిపించేలా కొంచెంసేపు పట్టుకుని, మళ్లీ దించి, పళ్లెం గుంటలో ఎక్కడా తగలకుండా కూర్చోబెట్టింది. సగంలో మునీంద్ర చెయ్యి సాయానికి ముందుకు వెళ్లింది, అలవాటు కొద్దీ. ఎవరూ చూడకముందే వెనక్కి తీసుకున్నాడు. ఆమె చూసింది.

వేలితో పళ్లెం లోపలికి తోసి, ఇంగ ఏసుకో మగ్గం అంది భర్తతో.

మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. తెర మీద చెరువు వచ్చింది. మోహన లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ నిర్మలమ్మ పక్కకు లాక్కుని కూర్చుంది. మునీంద్ర నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మొదటి చేప రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పట్టు దొరికింది. బుట్ట దాకా నిదానంగా వచ్చింది, వేలు తెరుచుకుంది, గంట మోగింది. చప్పుడులో గంట అతనికి వినపడలేదు గానీ ఆమె మొహంలో తెలిసింది.

చెప్పాల్సింది ఇంకొకటి మిగిలి ఉంది. ఆరో మెట్టులో ఆ గంట మోగదు. ఆమె ఆరో మెట్టుకు వచ్చినప్పుడు అది కూడా తన చేతి తప్పే అనుకుంటుంది. మునీంద్ర రెండడుగులు ముందుకు వేసి, సుందరరాజుకూ మోహనకూ గుమ్మంలో ఉన్నవాళ్లకూ అందరికీ వినబడేలా, మగ్గాల చప్పుడును మించి గొంతు పెంచాడు.

"అక్కా, ఆరో మెట్టులో గంట మోగదు. అది గూడా నేను పాడుజేసిందే."